హైస్కూలు పిల్లలకి బేస్‌బాల్ నేర్పాలంటే ఏది చదవాలి, ఏది చూడాలి? – గుంటూరు

ప్రశ్న: గుంటూరు పీఈటీ

అందరికీ నమస్కారం. గుంటూరు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల మగపిల్లలతో బేస్‌బాల్ జట్టు కడుతున్నాం. వయసు 13 నుంచి 16. మొత్తం పద్దెనిమిది మంది. అందులో నలుగురు సాఫ్ట్‌బాల్ ఆడినవాళ్లు, మిగతా అంతా టెన్నిస్ బంతి క్రికెట్ పిల్లలు. స్కూల్ గేమ్స్ సెలక్షన్లకి పంపాలని ఉంది.

యూట్యూబ్‌లో వీడియోలకి లోటు లేదు గానీ ఒకరు చెప్పినదానికీ ఇంకొకరు చెప్పినదానికీ పొంతన ఉండట్లేదు. రూల్సూ అంతే. ఒకచోట తొమ్మిది ఇన్నింగ్స్ అంటారు, ఇంకోచోట ఏడంటారు. ఏ రూల్ పుస్తకం పట్టుకోవాలి, ఏది ముందు నేర్పాలి ఏది తర్వాత, ఉన్న కొద్ది డబ్బు ఏ సామాను మీద పెట్టాలి, ఇవి చెప్పండి. ఇప్పుడు ఎనిమిది గ్లవ్‌లు, రెండు అల్యూమినియం బ్యాట్లు, ఒక క్యాచర్ సెట్ ఉన్నాయి. గ్రౌండ్ నల్లరేగడి. ప్రాక్టీసు పొద్దున ఆరింటికి.

ఇంకొకటి. ఆడని పిల్లలు, తల్లిదండ్రులు కూడా వచ్చి కూర్చుంటున్నారు. ఏం జరుగుతోందో వాళ్లకి తెలియట్లేదు. వాళ్ల కోసం కూడా ఏదైనా ఉంటే చెప్పండి.

జవాబు: బెజవాడ అంపైర్

మాస్టారూ, ముందు రూల్స్ సంగతి తేల్చుకోండి. సగం గందరగోళం అక్కడే ఉంది.

మీకు కనబడుతున్నవి మూడు వేర్వేరు పుస్తకాలు. ఒకటి అమెరికా మేజర్ లీగ్ అధికారిక రూల్స్. పీడీఎఫ్ వాళ్ల వెబ్‌సైట్లోనే ఉచితంగా దొరుకుతుంది. రెండోది అమెరికా హైస్కూళ్ల కోసం ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ అనే సమాఖ్య రాసేది. మూడోది అంతర్జాతీయ సమాఖ్య డబ్ల్యూబీఎస్‌సీ వాడేది. ‘హైస్కూల్ బేస్‌బాల్’ అని వెతికితే వచ్చే అమెరికా వీడియోలు దాదాపు అన్నీ రెండోదాని ప్రకారం నడుస్తాయి. ఏడు ఇన్నింగ్స్ అక్కడివే. మేజర్ లీగ్‌లో తొమ్మిది.

చదవడానికి మేజర్ లీగ్ పీడీఎఫ్ పట్టుకోండి. ఉచితం, పూర్తిగా ఉంటుంది, మిగతావాటికి మూలం అదే. కానీ మొదటి పేజీ నుంచి మొదలుపెడితే నాలుగు రోజుల్లో పక్కన పడేస్తారు. వెనకనున్న నిర్వచనాల భాగం ముందు చదవండి. తర్వాత 5.05 (బ్యాటర్ ఎప్పుడు రన్నర్ అవుతాడు), 5.06 (బేస్‌ల మీద పరుగు), 5.09 (అవుట్ ఎలా అవుతుంది). ఈ మూడూ వస్తే ఒక మ్యాచ్ నడిపించగలరు. బాక్ (బేస్ మీద రన్నర్ ఉండగా పిచ్చర్ చేసే రూల్ తప్పిన కదలిక) కోసం 6.02 తర్వాత చూసుకోవచ్చు. స్కోరర్ని తయారుచేస్తే తొమ్మిదో అధ్యాయం మొత్తం అతనికి ఇవ్వండి.

హైస్కూలు రూల్స్‌లో తేడాలు కొన్ని గుర్తుంటే చాలు. బాక్ పడగానే బంతి డెడ్. మేజర్ లీగ్‌లో అలా కాదు, ఆట కొంత సాగే వీలుంది. పిచ్చర్‌కి, క్యాచర్‌కి బదులు బేస్ మీద పరిగెత్తడానికి వేరే పిల్లాణ్ని పెట్టొచ్చు. మొదటి తొమ్మిదిమందిలో ఒకణ్ని బయటికి తీస్తే ఒకసారి మళ్లీ లోపలికి తీసుకురావచ్చు, మేజర్ లీగ్‌లో ఒకసారి బయటికొస్తే ఇక అంతే. పిచ్ క్లాక్ (పిచ్చర్ ఇన్ని సెకన్లలో విసరాలనే గడియారం), 18 అంగుళాల పెద్ద బేస్‌లు మేజర్ లీగ్‌కి 2023లో వచ్చినవి, మీకు వాటితో పనిలేదు. మీ టోర్నమెంట్‌లో ఎన్ని ఇన్నింగ్స్, ఎన్ని పరుగుల తేడాకి ఆట ఆపుతారు, ఏ బ్యాట్లు ఒప్పుకుంటారు అన్న మూడూ నిర్వాహకుల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట మీద వెళ్తే గ్రౌండ్‌లో గొడవ అక్కడే మొదలవుతుంది.

క్రికెట్ పిల్లలకి అన్నిటికంటే కష్టంగా ఎక్కేది ఫోర్స్ అవుట్, ట్యాగ్ అవుట్ తేడా. రనౌట్ అలవాటు వల్ల ‘బేస్ తొక్కితే అవుట్’ అని వాళ్ల బుర్రలో పడిపోతుంది. ఇలా చెప్పండి: ఒక బేస్ మీద ఒక్కడే ఉండాలి. బ్యాటర్ నేల బంతి కొట్టి ఫస్ట్‌కి బయల్దేరితే, ఫస్ట్‌లో ఉన్నవాడు ఖాళీ చేసి తీరాలి. వెళ్లక తప్పనివాణ్ని అవుట్ చెయ్యడానికి, వాడు చేరేలోపు బంతి చేతిలో పట్టుకుని ఆ బేస్ తొక్కితే చాలు. వెళ్లాల్సిన అవసరం లేకుండా తనంతట తాను పరిగెత్తేవాణ్ని మాత్రం బంతి ఉన్న చేత్తో తాకాలి. ఒట్టి సెకండ్‌లోనే రన్నర్ ఉండి, ఫస్ట్ ఖాళీగా ఉంటే? థర్డ్‌కి పరిగెత్తేవాణ్ని తాకాల్సిందే. గ్రౌండ్‌లో పిల్లల్నే బేస్‌ల మీద నిలబెట్టి, ప్రతి అమరికలో ‘ఎవరు కదలక తప్పదు?’ అని అడగండి. ఇంకో మెలిక ఉంది. వెనకవాడు ముందే అవుటైతే, ముందున్నవాడికి ఆ బలవంతం పోతుంది. ఫస్ట్ బేస్‌మ్యాన్ నేల బంతి పట్టి ముందు తన బేస్ తొక్కి, తర్వాత సెకండ్‌కి విసిరితే, అక్కడున్నవాడు బేస్ తొక్కి ఊరుకోకూడదు, రన్నర్ని తాకాలి. జిల్లా స్థాయిలో కూడా ఇది తప్పుతుంటారు.

ఇన్‌ఫీల్డ్ ఫ్లై రెండో వారంలో చెప్పండి. రెండు అవుట్ల లోపు, ఫస్ట్, సెకండ్‌లలో గానీ మూడు బేస్‌లలోనూ గానీ రన్నర్లు ఉండి, ఇన్‌ఫీల్డర్ మామూలుగా పట్టగలిగే ఫెయిర్ క్యాచ్ లేస్తే, పట్టినా పట్టకపోయినా బ్యాటర్ అవుట్. కావాలని జారవిడిచి ఇద్దర్ని అవుట్ చెయ్యకుండా పెట్టిన రూల్ ఇది. బంట్‌కీ (బ్యాట్ ఊపకుండా మెల్లగా తాకించి వదిలే బంతి), నేరుగా దూసుకెళ్లే లైన్ డ్రైవ్‌కీ వర్తించదు. స్ట్రైక్ అంటే బ్యాటర్ తప్పిన, లేదా వదిలేసిన మంచి బంతి, మూడైతే అవుట్. ఆ మూడో స్ట్రైక్ క్యాచర్ పట్టలేకపోతే బ్యాటర్ ఫస్ట్‌కి పరిగెత్తొచ్చు, అయితే ఫస్ట్ ఖాళీగా ఉండాలి, లేదా రెండు అవుట్లు అయి ఉండాలి. ఈ సంగతి తెలియక స్ట్రైక్ అవుట్ అనుకుని బ్యాట్ పట్టుకుని వెనక్కి వచ్చేసేవాళ్లు కోకొల్లలు.

సాఫ్ట్‌బాల్ నుంచి వచ్చిన నలుగురికి వేరే పాఠం కావాలి. అక్కడ బంతి పిచ్చర్ చెయ్యి వదిలేదాకా బేస్ వదలకూడదు. ఇక్కడ ముందే నాలుగడుగులు లీడ్ తీసుకోవచ్చు. వాళ్లు బేస్‌కి అతుక్కుని నిలబడతారు, పిచ్చర్ పికాఫ్ (బేస్ వదిలినవాణ్ని అవుట్ చెయ్యడానికి బేస్‌కి విసిరేది) విసిరితే ఏం చెయ్యాలో తెలియదు.

జవాబు: నాగార్జున నగర్ పీడీ

రూల్స్ అంపైర్ గారు చెప్పేశారు. గ్రౌండ్, డ్రిల్స్ నేను చెప్తాను.

వీడియోల్లో నమ్మదగినవి కావాలంటే యూఎస్ఏ బేస్‌బాల్ వాళ్ల ఉచిత ఆన్‌లైన్ కోర్సులు చూడండి, కోచ్‌ల కోసం మొబైల్ యాప్ కూడా ఉంది. అందులో డ్రిల్స్ వయసుల వారీగా పెట్టారు. ఒకే మూలం పట్టుకుని ఆరు నెలలు అదే నడపండి. వారానికో కొత్త కోచ్ వీడియో చూపిస్తే పిల్లాడి స్వింగ్ పాడవుతుంది.

గ్రౌండ్ కొలతలు. 15 దాటినవాళ్లకి పూర్తి కొలతే: బేస్‌ల మధ్య 90 అడుగులు, అంటే 27.43 మీటర్లు. పిచ్చర్ రబ్బరు (పిచ్చర్ కాలు ఆనించే పలక) నుంచి హోమ్ ప్లేట్ వెనక మొన దాకా 60 అడుగుల 6 అంగుళాలు, 18.44 మీటర్లు. 13, 14 ఏళ్లవాళ్లకి ప్రాక్టీసులో 80 అడుగులు, 54 అడుగులు పెట్టండి (24.38, 16.46 మీటర్లు). గియ్యడానికి రెండు టేపులు, ముగ్గురు మనుషులు కావాలి. హోమ్ మొన దగ్గర మేకు కొట్టి, సెకండ్ బేస్ వైపు 38.80 మీటర్ల దగ్గర ఇంకో మేకు కొట్టండి (చిన్న గ్రౌండ్‌కి 34.48). ఇప్పుడు ఒక టేపు హోమ్ మేకు నుంచి, ఇంకోటి సెకండ్ మేకు నుంచి 27.43 దగ్గర (చిన్న గ్రౌండ్‌కి 24.38) పట్టుకుని లాగండి. రెండూ కుడివైపు కలిసిన చోటు ఫస్ట్, ఎడమవైపు కలిసిన చోటు థర్డ్. మూలమట్టంతో పనిలేదు. ఫస్ట్, థర్డ్ బ్యాగులు పూర్తిగా గీత లోపల పడాలి, సెకండ్ బ్యాగ్ మాత్రం మేకు మీద మధ్యకి రావాలి. ఇక్కడ పొరపాటు పడితే ఫస్ట్‌కి పరుగు అడుగు ఎక్కువవుతుంది.

గీతలకి ముగ్గుపిండి వాడండి. సున్నం వద్దు. స్లయిడ్ చేసినప్పుడు కంట్లో పడితే కాలుస్తుంది.

హోమ్ ప్లేట్ ఎటువైపు పెట్టాలన్నది మన దగ్గర ఎవరూ పట్టించుకోరు. రూల్ పుస్తకం హోమ్ నుంచి సెకండ్‌కి గీత తూర్పు-ఈశాన్యానికి ఉంటే మంచిదంటుంది. అది మధ్యాహ్నం, సాయంత్రం ఆటలకి. మీరు పొద్దున ఆరింటికి ఆడుతున్నారు కాబట్టి అలా పెడితే బ్యాటర్ నేరుగా ఉదయించే సూర్యుణ్ని చూస్తాడు, బంతి కనపడదు. హోమ్ దక్షిణం వైపు పెట్టి బ్యాటర్ ఉత్తరం చూసేలా గియ్యండి. పొద్దున, సాయంత్రం రెండిటికీ పనికొస్తుంది.

ఇక నేర్పే వరుస. విసరడం, పట్టడం, నేల బంతి, పరుగు, ఆ తర్వాతే బ్యాటింగ్. పిల్లలు బ్యాట్ కోసం గొడవ చేస్తారు, ఒప్పుకోవద్దు. ఈ స్థాయిలో పరుగులు ఎక్కువగా వచ్చేది వాకుల వల్ల (నాలుగు చెడ్డ బంతులకి బ్యాటర్ ఊరికే ఫస్ట్‌కి పోవడం), తప్పుడు విసుర్ల వల్ల.

విసరడంలో ముందు పట్టు. కుట్లు గుర్రపు నాడాలా వంపు తిరిగిన చోట చూపుడువేలు, నడిమివేలు అడ్డంగా పెట్టాలి, బొటనవేలు కింద. దీన్ని ఫోర్ సీమ్ అంటారు. బంతి మీద నల్ల స్కెచ్ పెన్నుతో చుట్టూ ఒక గీత గియ్యండి, వేళ్లు ఆ గీతకి అటూ ఇటూ రావాలి. సరిగ్గా విసిరితే గీత గాల్లో నిలువుగా, స్థిరంగా కనిపిస్తుంది. ఊగుతూ వస్తే మణికట్టు పక్కకి తిరుగుతోందన్నమాట. ఎవరూ చెప్పక్కర్లేదు, పట్టేవాడికే కనబడుతుంది. 10 మీటర్లతో మొదలుపెట్టి, ఛాతీకి వరసగా పది వస్తేనే దూరం పెంచండి. క్రికెట్ పిల్లలు పక్కవాటంగా, మోచెయ్యి కిందకి దించి విసురుతారు. అలా విసిరితే బంతి కుడికి జారి ఫస్ట్ బేస్‌మ్యాన్‌కి అందదు. మోచెయ్యి భుజాల గీతకి తగ్గకుండా చూడండి.

నేల బంతికి క్రికెట్‌లో ఒక మోకాలు నేలకి పెట్టి అడ్డుకోవడం నేర్పుతారు కదా, ఇన్‌ఫీల్డర్లకి అది మాన్పించాలి. లేచి విసిరేలోపు రన్నర్ ఫస్ట్ చేరిపోతాడు. కాళ్లు భుజాలకంటే వెడల్పుగా, గ్లవ్ ఒంటికి ముందుగా నేలకి ఆనించి, బంతిని బట్టి కింది నుంచి పైకి లేవాలి. పైనుంచి కిందకి దించితే కాళ్ల మధ్యనుంచి పోతుంది. ఎండాకాలం నల్లరేగడి పగుళ్ల మీద బంతి ఎటు లేస్తుందో తెలియదు కాబట్టి మొదట ఆరు మీటర్ల నుంచి చేత్తో దొర్లించండి. ఆ పగుళ్ల నేల మీద స్లయిడింగ్ మాత్రం అసలు వద్దు, చీలమండ ఇరుక్కుంటుంది. టార్పాలిన్ పరిచి, నీళ్లు చల్లి, బూట్లు విప్పించి నేర్పండి.

బ్యాటింగ్‌కి టీ (కొట్టడానికి బంతిని నిలబెట్టే స్టాండు) కొనక్కర్లేదు. పెయింటు డబ్బాలో సిమెంటు పోసి పీవీసీ పైపు నిలబెట్టి, పైన మెత్తటి రబ్బరు ట్యూబు తొడిగితే సరిపోతుంది. తొడ మధ్య నుంచి ఛాతీ దాకా ఎత్తు మార్చుకునేలా రెండు పైపులు ఒకదాంట్లో ఒకటి దూర్చండి. బ్యాటింగ్ వలకి ఆటోనగర్‌లో ఏడడుగుల చదరం ఫ్రేమ్ వెల్డింగ్ చేయించి నైలాన్ వల వదులుగా వేలాడదియ్యండి. బిగించి కడితే బంతి తిరిగి మొహం మీదకి వస్తుంది, వల కూడా త్వరగా తెగుతుంది. మీరు దగ్గర నుంచి విసిరితే మీ ముందు కూడా అడ్డు వల ఉండాలి. దీంట్లో మొహమాటం వద్దు.

డబ్బు గ్లవ్‌ల మీద పెట్టండి. పద్దెనిమిది మందికి ఎనిమిది గ్లవ్‌లంటే నాలుగు జతలే, మిగతా పదిమంది నిలబడి చూస్తుంటారు. 11.5 నుంచి 12 అంగుళాలవి అందరికీ పనికొస్తాయి. ఆర్డర్ పెట్టేటప్పుడు ఒకటి చూసుకోండి: ఆర్‌హెచ్‌టీ అంటే కుడిచేత్తో విసిరేవాడిది, గ్లవ్ ఎడమ చేతికి వస్తుంది. ‘కుడిచేతి పిల్లలు’ అనుకుని కుడి చేతికి తొడిగేవి తెప్పిస్తే అన్నీ వృథా. ఎడమచేత్తో విసిరేవాడుంటే ఒకటి ఎల్‌హెచ్‌టీ తప్పక తెప్పించండి. వానాకాలం మన తేమకి తోలు బూజు పడుతుంది. తుడిచి నీడలో ఆరబెట్టి, లోపల ఒక బంతి పెట్టి కట్టి ఉంచండి. నూనె ఎక్కువ రాస్తే బరువెక్కి మెత్తబడుతుంది.

జవాబు: కొత్తపేట బ్యాటర్

పీడీ గారూ, బ్యాట్ సంగతి కూడా చెప్పాల్సింది. మాస్టారూ, తీసుకుంటే బీబీకార్ ముద్ర (బ్యాట్ బంతిని తన్నే వేగం హద్దులో ఉందని చూపే గుర్తు) ఉన్నదే తీసుకోండి. హైస్కూలుకి అదే తప్పనిసరి.

జవాబు: బెజవాడ అంపైర్

తమ్ముడూ, అది అమెరికా హైస్కూళ్లకి. అల్యూమినియం బ్యాట్ లోపలికి నొక్కుకుని మళ్లీ స్ప్రింగులా తన్నడం వల్ల బంతి వేగం పెరుగుతోందని, 2012 జనవరి 1 నుంచి అక్కడ బీబీకార్ .50 ముద్ర ఉన్న లోహపు బ్యాట్లే ఒప్పుకుంటున్నారు. దాంతోపాటు అంగుళాల్లో పొడవుకీ ఔన్సుల్లో బరువుకీ మధ్య తేడా 3 దాటకూడదు, అంటే 33 అంగుళాల బ్యాట్ కనీసం 30 ఔన్సులు, సుమారు 850 గ్రాములు ఉండాలి. జపాన్ హైస్కూళ్లలో 2024 వసంతం నుంచి బంతిని ఇంకా తక్కువగా తన్నే సన్న బ్యాట్లు వచ్చాయి. బ్యాట్ లావు భాగం వ్యాసం 67 నుంచి 64 మిల్లీమీటర్లకి తగ్గించారు, బరువు కనీసం 900 గ్రాములు.

మన పిల్లలకి ఆ ముద్ర కోసం ఎక్కువ డబ్బు పెట్టాల్సిన పనిలేదు, టోర్నమెంట్ కాగితంలో ఉంటే తప్ప. 13 ఏళ్లవాడి చేతికి 33 అంగుళాల బరువు బ్యాట్ ఇస్తే బ్యాట్ వెనకబడిపోయి అన్నీ ఫౌల్ పోతాయి. 30, 31 అంగుళాలు చాలు. పిల్లాడు బ్యాట్‌ని ఒంటిచేత్తో నేలకి సమాంతరంగా చాపి, వణక్కుండా కాసేపు పట్టుకోగలిగితే ఆ బరువు వాడికి సరిపోయినట్టే.

ఎక్కువ ఖర్చు పెట్టాల్సింది హెల్మెట్ల మీద. రెండు చెవులూ మూసేవి కనీసం నాలుగు: బ్యాటర్‌కి ఒకటి, బేస్‌ల మీద ముగ్గురికి మూడు. క్యాచర్‌కి మాస్కుతోపాటు ఎబ్డొమినల్ గార్డ్ లేకుండా వార్మప్ పిచ్ కూడా పట్టనివ్వకండి.

ప్రశ్న: గుంటూరు పీఈటీ

అందరికీ ధన్యవాదాలు అండి. గ్రౌండ్ దిక్కు సంగతి అసలు ఆలోచించలేదు, మార్చేస్తాం.

పిచింగ్ గురించి ఎవరైనా చెప్పండి. బాగా విసిరేవాడు ఒక్కడే ఉన్నాడు, వయసు 14. క్రికెట్ జట్టుకి ఫాస్ట్ బౌలర్ కూడా వాడే. రోజుకి ఎన్ని వెయ్యించొచ్చు? కర్వ్ (వంపు తిరిగే బంతి) నేర్పమని అడుగుతున్నాడు. అలాగే నల్లమట్టిలో పిచ్చర్ దిబ్బ ఎలా కట్టాలి?

జవాబు: బ్రాడీపేట ఫిజియో

ఒక్కడే ఉన్నాడంటే వాడి మోచెయ్యికి అది ప్రమాదం సార్. ముందు ఇంకో ముగ్గుర్ని తయారుచేసే పని పెట్టుకోండి.

లెక్కకి పిచ్ స్మార్ట్ అనే పట్టిక ఉంది. మేజర్ లీగ్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి తయారుచేసింది, నెట్‌లో ఉచితం. 13–14 ఏళ్లవాళ్లకి ఒక రోజులో గరిష్ఠం 95 పిచ్‌లు. ఆ తర్వాత విశ్రాంతి ఇలా: 20 లోపు వేస్తే మర్నాడు కూడా వెయ్యొచ్చు, 21–35 అయితే ఒక రోజు, 36–50కి రెండు, 51–65కి మూడు, 66 దాటితే నాలుగు రోజులు. 15–16 ఏళ్లకి గరిష్ఠం అదే 95, విశ్రాంతి మెట్లు మాత్రం 30, 45, 60, 75 దగ్గర మారతాయి. 95 అన్నది హద్దు, రోజూ చేరుకోవాల్సిన లక్ష్యం అనుకోకండి. మొదటి సీజన్‌లో 14 ఏళ్లవాడికి 50 దగ్గర ఆపెయ్యండి. జపాన్ హైస్కూలు సమాఖ్య కూడా 2020 నుంచి వారానికి 500 పిచ్‌ల హద్దు పెట్టింది. అది చాలా పెద్ద సంఖ్య, మీరు దాన్ని కొలతగా తీసుకోవద్దు.

పట్టికలో లేనిది మన దగ్గర ఉంది, క్రికెట్. పొద్దున ఆరు ఓవర్లు ఫాస్ట్ వేసి సాయంత్రం 40 పిచ్‌లు వేస్తే, భుజానికి రెండూ లెక్కే. ఒక నోటు పుస్తకంలో తేదీ, ఓవర్లు, పిచ్‌లు, నొప్పి ఉందా లేదా అని నాలుగు గళ్లు గీసి వాడి చేతే రాయించండి. పిచ్ చేసిన రోజు బౌలింగ్ లేదు, క్యాచర్‌గానూ పెట్టొద్దు. క్యాచర్ ప్రతి బంతికీ తిరిగి విసురుతూనే ఉంటాడు. ఏడాదిలో మొత్తం నాలుగు నెలలు విసరడం మానాలని, అందులో రెండు మూడు నెలలు వరసగా ఉండాలని పిచ్ స్మార్ట్ చెబుతుంది. మనకి ఏప్రిల్, మే ఎండలు దానికి సరిగ్గా సరిపోతాయి. ఆ నెలల్లో క్రికెట్ సమ్మర్ క్యాంపుకి పంపితే మాత్రం విశ్రాంతి లేనట్టే.

ఎందుకింత జాగ్రత్త అంటే, ఈ వయసులో మోచెయ్యి లోపలివైపు ఎముక పెరిగే చోటు ఇంకా మృదులాస్థిగానే ఉంటుంది. అక్కడ లాగుడు ఎక్కువైతే అది వాచి, ఒక్కోసారి ఎముక ముక్క విడిపోతుంది. పెద్దవాళ్లలో స్నాయువు తెగే చోట పిల్లల్లో ఎముకే దెబ్బతింటుంది. మోచెయ్యి లోపలివైపు వేలితో నొక్కితే నొప్పి ఉన్నా, చెయ్యి పూర్తిగా చాచలేకపోతున్నా, భుజం పైభాగం నొప్పెడుతున్నా ఆ రోజుతో ఆపి ఎముకల డాక్టరుకి చూపించండి. నొప్పి మాత్ర వేసి మ్యాచ్ ఆడించడం మాత్రం చెయ్యొద్దు, మాత్ర నొప్పిని దాస్తుంది గానీ గాయాన్ని ఆపదు.

కర్వ్ ఇప్పుడు వద్దు. ముందు ఫాస్ట్‌బాల్ పదికి ఆరైనా స్ట్రైక్ పడాలి, తర్వాత చేంజప్ (ఫాస్ట్‌బాల్‌లా కనిపించి నెమ్మదిగా వచ్చే బంతి). చేంజప్‌లో చెయ్యి వేగం తగ్గించకూడదు. బంతిని అరచేతిలోకి లోతుగా, మూడు వేళ్లతో పట్టుకుంటే దానంతటదే నెమ్మదిస్తుంది. పిల్లలు చెయ్యే నెమ్మదిగా తిప్పేస్తారు, అలా చేస్తే బ్యాటర్‌కి ముందే తెలిసిపోతుంది. బౌలర్ కాబట్టి చెయ్యి నిటారుగా వచ్చే అలవాటు ఉంటుంది, మోచెయ్యి వంగి తర్వాత చాచుకునే విసురు రావాలి. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి పక్కనుంచి తియ్యండి. ముందు కాలు నేలకి ఆనిన క్షణంలో ఆపి చూడండి. అప్పటికి మోచెయ్యి భుజం ఎత్తుకి వచ్చి ఉండాలి. ఇంకా కిందే ఉంటే చెయ్యి ఆలస్యమవుతోంది, భారమంతా మోచెయ్యి మీద పడుతోంది.

జవాబు: పటమట స్కోరర్

తల్లిదండ్రులకి, ఆడని పిల్లలకి స్కోరు కాగితం ఇవ్వండి సార్. రూల్స్ గురించి ఉపన్యాసం ఇస్తే వినరు. పెన్సిల్ చేతిలో ఉంటే ప్రతి బంతీ చూస్తారు.

తొమ్మిది అంకెలు ముందు: పిచ్చర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ 3, సెకండ్ 4, థర్డ్ 5, షార్ట్‌స్టాప్ 6, లెఫ్ట్ 7, సెంటర్ 8, రైట్ 9. షార్ట్‌స్టాప్ నిలబడేది సెకండ్‌కీ థర్డ్‌కీ మధ్య కాబట్టి 5, 6 తారుమారు చేస్తారు, అది ముందే చెప్పండి. షార్ట్‌స్టాప్ పట్టి ఫస్ట్‌కి విసిరి అవుట్ చేస్తే 6-3. సెంటర్ క్యాచ్ పడితే ఎఫ్8. 6-4-3 అంటే షార్ట్‌స్టాప్, సెకండ్, ఫస్ట్ మీదుగా ఇద్దరు అవుట్. స్ట్రైక్ అవుట్‌కి కె, బ్యాట్ ఊపకుండా చూస్తూ అవుటైతే తిరగేసిన కె. వాక్‌కి బీబీ. ఇంత చాలు, మొదటి మ్యాచ్ రాసేస్తారు.

ఆట అయ్యాక కాగితం సరిచూసుకునే పద్ధతి ఒకటి ఉంది, రూల్ పుస్తకం తొమ్మిదో అధ్యాయంలోనే ఇచ్చారు. ఒక జట్టు నుంచి బ్యాటింగ్‌కి వచ్చిన సార్లన్నీ కలిపితే, ఆ జట్టు పరుగులు, బేస్‌ల మీద మిగిలిపోయినవాళ్లు, అవతలి జట్టు చేసిన అవుట్లు ఈ మూడింటి మొత్తానికి సమానం కావాలి. ఏడు ఇన్నింగ్స్ ఆడితే 21 అవుట్లు. 4 పరుగులు చేసి, 6గురు మిగిలిపోతే 31 సార్లు బ్యాటింగ్‌కి వచ్చి ఉండాలి. మీ కాగితంలో 30 ఉంటే ఒకణ్ని రాయడం మర్చిపోయారు. లెక్కలు ఇష్టమైన పిల్లలు దీని మీద పడి కొట్టుకుంటారు, చూడండి.

పిచ్చర్ ఈఆర్ఏ (ఒక పూర్తి ఆటకి సగటున ఇచ్చే ఎర్న్‌డ్ రన్స్, అంటే ఫీల్డింగ్ తప్పుల వల్ల కాకుండా వచ్చిన పరుగులు) దగ్గర ఒక తికమక వస్తుంది. హైస్కూల్లో ఏడు ఇన్నింగ్స్ కాబట్టి ఏడుతో గుణించాలి. 11.2 ఇన్నింగ్స్ అని రాస్తే అర్థం పదకొండున్నూ మూడింట రెండు, దశాంశం కాదు. అందులో 5 ఎర్న్‌డ్ రన్స్ ఇస్తే 5 × 7 ÷ 11.67 = 3.00. అదే తొమ్మిదితో గుణిస్తే 3.86 వస్తుంది. మ్యాక్స్‌ప్రెప్స్ సైటులో అమెరికా హైస్కూలు అంకెలు, బేస్‌బాల్ రిఫరెన్స్‌లో మేజర్ లీగ్ అంకెలు పక్కపక్కన పెట్టుకుని పోల్చేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

చూడటానికి హైస్కూలు బేస్‌బాల్ అంటే అసలు జపాన్ కోషియెన్ (వాళ్ల జాతీయ హైస్కూలు టోర్నమెంట్లు జరిగే స్టేడియం). వేసవి టోర్నమెంట్ 1915 నుంచి, వసంతకాలపుది 1924 నుంచి ఉన్నాయి. బంట్, రిలే త్రో (దూరపు బంతిని మధ్యలో ఒకడు అందుకుని విసరడం), బ్యాకప్ చెయ్యడం ఎలా ఉండాలో చూపించడానికి ప్రొఫెషనల్ మ్యాచ్‌ల కంటే ఇవే మేలు. ఆగస్టులో మొదటి ఆట వాళ్లకి పొద్దున 8 గంటలకి, మనకి 4:30కి. అమెరికా తూర్పు తీరంలో వేసవి రాత్రి 7 గంటల మ్యాచ్ కూడా మన టైములో అదే 4:30కి పడుతుంది, అయితే మర్నాడు తెల్లవారుజామున. అంత పొద్దున్నే లేవనక్కర్లేదు, ముఖ్యాంశాల వీడియోలు చాలు. ఒకటే పని చెప్పండి: బంతి కొట్టగానే వీడియో ఆపి, తొమ్మిదిమందీ ఎక్కడికి కదులుతున్నారో రాయాలి. బంతి వెంటే కళ్లు పోకుండా ఆట మొత్తం కనబడటం అప్పుడు మొదలవుతుంది.

జవాబు: నాగార్జున నగర్ పీడీ

దిబ్బ ప్రశ్న మిగిలిపోయింది. పుస్తకం ప్రకారం 18 అడుగుల వ్యాసం, 10 అంగుళాల ఎత్తు, రబ్బరుకి 6 అంగుళాల ముందు నుంచి అడుగుకి అంగుళం చొప్పున వాలు. నల్లరేగడిలో అది కట్టొద్దు. వానకి ఉబ్బి, ఎండకి నెర్రెలిచ్చి, ముందు కాలు పడే చోట గుంట పడుతుంది. గుంటలో కాలు పడితే మోకాలికి ముప్పు.

చెక్కతో చేయించండి. 8 × 4 అడుగుల 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఒక్క షీటు చాలు. 2 అడుగులు, 6 అడుగులుగా రెండు ముక్కలు కోయించండి. 2 అడుగుల ముక్క 6 అంగుళాల ఎత్తున బల్లపరుపుగా, 6 అడుగుల ముక్క అక్కడి నుంచి నేల దాకా వాలుగా. అడుగుకి అంగుళం సరిగ్గా వచ్చేస్తుంది. రబ్బరు ముందంచు వెనక అంచు నుంచి అడుగున్నర దగ్గర పెట్టండి. కింద అడుగుకొక అడ్డ కర్ర పడాలి, లేకపోతే ప్లైవుడ్ వంగి శబ్దం చేస్తుంది, పిల్లాడు భయపడి అడుగు కుదించేస్తాడు. పైన కొబ్బరి పీచు మ్యాట్ అంటించండి. మేకు తలలు పైకి రాకుండా చూసుకోండి. రెండు ముక్కల్నీ బోల్టులతో కలిపితే మోసుకెళ్లి గదిలో పెట్టుకోవచ్చు.

ఎత్తు 6 అంగుళాలే కాబట్టి 13, 14 ఏళ్లవాళ్లకి సరిపోతుంది. వెనక చోటు తక్కువ, వైండప్‌లో వెనక్కి అడుగు వేస్తే అంచు దాటి పడిపోతారు. సెట్ పొజిషన్ నుంచే (పక్కకి తిరిగి, కదలకుండా నిలబడి) వెయ్యించండి. స్పైకులతో ఎక్కనివ్వద్దు, మామూలు కాన్వాస్ బూట్లు చాలు. మంచు పడిన పొద్దున మ్యాట్ మీద జారుతుంది, గోనెసంచితో తుడిచి మొదలుపెట్టండి.